గంగాలమ్మ విప్పనివ్వని గేమ్ పెట్టె

"కొట్టు బావా! కొట్టీ... ఓరి నీ! ఎటు కొట్నావురా, ఆడు మనోడురా!"

ఏప్రిల్ సగం దాటిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జెట్టీకి కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేటకి వెళ్ళకూడదని సర్కారు నిషేధం. వేలంపాట అరుపులు ఆగిపోతాయి. ఐసు ఫ్యాక్టరీలు సగం నిద్రపోతాయి. వలలు బాగుచేసేవాళ్ళు తప్ప మిగతా మగవాళ్ళంతా ఏం చెయ్యాలో తోచక సందుల్లో తిరుగుతుంటారు. 2008 వేసవిలో మాత్రం హార్బరు గేటుకి ఎదురు సందులో, "గంగమ్మ తల్లి గేమ్స్ సెంటర్" అనే రేకుల గదిలోంచి వేలంపాటని మించిన అరుపులు వినబడేవి.

ఆ అరుపుల మధ్య, తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుని, చేతిలో చిన్న స్క్రూడ్రైవరుతో విరిగిన జాయ్‌స్టిక్ బాగుచేస్తుండేది దుర్గ. ఆడేది బోట్ల మీద పనిచేసే కళాసీలు, తాడు లాగి లాగి కాయలు కాసిన బొటనవేళ్ళు కదా, ఆ మీటల్ని లంగరు తాడు బిగించినట్టే నొక్కేవారు. అందరికంటే ఎక్కువ విరగ్గొట్టేవాడు సరంగు వరహాలు. గాలివానలో కూడా బోటుని హార్బరు మూతిలోంచి గీత గీసినట్టు లోపలికి తెచ్చే మనిషి, ఆటలో బంతిని మాత్రం సొంత గోల్‌లోకే తెచ్చేవాడు.

"నీ చేతికి జాయ్‌స్టిక్ కాదు మావయ్యా, చుక్కాని ఇవ్వాలి," అనేది దుర్గ.

"ఇయ్యమ్మా, అదే ఇయ్యి. ఈ పుల్ల నాకు అందట్లేదు."

దుర్గ పుట్టింది ఈ సందుల్లోనే. తండ్రి పైడయ్య ఐసు ఫ్యాక్టరీలో ఫిట్టరు. చిన్నప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, కంప్రెసరు ఎలా ఊపిరి పీలుస్తుందో చూస్తూ అక్కడే ఉండిపోయేది. నీళ్ళు ఎందుకు గడ్డ కడతాయి, అమ్మోనియా ఎందుకు కళ్ళు మండిస్తుంది అని తండ్రిని అడిగి అడిగి విసిగించి, చివరికి ఎలక్ట్రానిక్స్‌తో బి.ఎస్సీ. చదివింది. వాళ్ళ వీధిలో అంత చదివిన ఆడపిల్ల అప్పటికి ఆమే. మరబోటు ఇంజను నడిపే డ్రైవరు ఉమామహేష్‌ని పెళ్ళి చేసుకుంది. దువ్వాడలో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం చేసింది. రోజూ పొద్దున్నే రైలు, సాయంత్రం రైలు.

కూతురు ఆశ పుట్టాక ఆ రైలే ఆమె ప్రాణం తోడేసింది. పాపకి తుమ్ము వస్తే జ్వరమేమో అనిపించేది. జ్వరం వస్తే ఏ జ్వరమో అనిపించేది. ఒకరోజు రైలు మధ్యలో ఆగిపోయింది, ఇక్కడ ఇంట్లో ఆశ ఒళ్ళు కాలిపోతోందని కబురొచ్చింది. ఆ రోజు పట్టాల పక్కన రాళ్ళ మీద చాలా దూరం నడిచి, ఆటో పట్టుకుని ఇంటికి చేరిన దుర్గ, మళ్ళీ దువ్వాడ ముఖం చూడలేదు. పిల్లకి దగ్గరగా ఉండే పని ఏదో చూసుకోవాలి, చదివిన చదువు తుప్పు పట్టకూడదు. ఆ రెండూ కుదిరేది ఎక్కడా?

కుదిరింది ఆశ పుట్టినరోజున. పోర్టుకి వచ్చిన ఓడలో పనిచేసే దూరపు చుట్టం ద్వారా ఉమామహేష్ ఒక గేమ్ పెట్టె తెప్పించాడు. సరికొత్తది. కూడా ఒక ఫుట్‌బాల్ డిస్కు. అట్టపెట్టె తెరవగానే అతని తల్లి గంగాలమ్మ పసుపు గిన్నె పట్టుకుని వచ్చేసింది.

గంగాలమ్మ వేలంపాటలో చేపలు కొని తట్టలో పెట్టుకుని పూర్ణా మార్కెట్ దాకా అమ్మే మనిషి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బోటుకి కొత్త ఇంజను వస్తే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ తరవాత ఆ ఇంజను ఒకసారి వేటకి వెళ్ళి తిరిగొచ్చేదాకా దానికి ఎవరూ పానా పెట్టకూడదు. గంగమ్మ తల్లి పేరు చెప్పి మూసినదాన్ని, ఆ తల్లి ఒడిలోకి, అంటే సముద్రంలోకి, వెళ్ళి రాకుండా విప్పడం ఆవిడ దృష్టిలో మహా అపచారం. కరెంటుతో నడిచేది, లోపల మోటారు తిరిగేది, ఇంట్లోకి కొత్తగా వచ్చింది కాబట్టి గేమ్ పెట్టె కూడా ఇంజనే అని తేల్చేసింది. నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది.

"గాలి వెళ్ళే కన్నాల మీద రాయకత్తా!" అని దుర్గ గుండె పట్టుకుంది.

"ఊపిరాడతాదిలేయే. నాకు తెల్దేటి, ఇంజనుకి ముక్కు ఎక్కడుంతాదో."

మరుసటి నిషేధంలో ఆ పెట్టె చుట్టూ కళాసీలు మూగారు. ఇల్లంతా కాళ్ళూ చేతులే. ఆశకి టీవీ ముందు చోటు దొరక్క ఏడుపు. అప్పుడే దుర్గకి ఆలోచన తట్టింది. సందు చివర గది అద్దెకి తీసుకుని, వాడిన పెట్టెలు మూడు కొంది. అసలు డిస్కులు కొనే తాహతు లేదు కాబట్టి, కాపీ డిస్కులు కూడా ఆడేలా ఆ మూడింటినీ పూర్ణా మార్కెట్ వెనక సందులో రిపేరు కుర్రాడి చేత మార్పించింది. ఊళ్ళో అందరూ చేయించేదే అది. పనిలో పనిగా ఇంట్లో ఉన్నదాన్ని కూడా తీసుకెళ్ళబోతే, గంగాలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"అది ఇంకా ఏటకి ఎల్లలేదు. దాని మీద చెయ్యేత్తే నా మీద ఏసినట్టే."

"అత్తా, గేమ్ పెట్టె వేటకెక్కడికి వెళ్తుంది?"

"అయితే ఎప్పుడూ ఇప్పకు."

దుర్గ నవ్వుకుని వదిలేసింది. ఆ పెట్టె ఇంట్లోనే, ఆశ కోసం, ఒక అసలు డిస్కుతో మిగిలిపోయింది.

సెంటరు నడిచింది. నడవడమేమిటి, పరిగెత్తింది. ఈ 2008 వేసవిలో బ్రాడ్‌బ్యాండ్ కూడా వచ్చింది. పక్క గదిలో ఇంటర్నెట్ సెంటరు నడిపే సీతారామాంజనేయులు, ఆమె కలిసి ఒకే లైను తీసుకుని, గోడకి కన్నం పెట్టి పంచుకున్నారు. ఆ తీగని గేమ్ పెట్టెకి తగిలిస్తే దేశంలో ఎక్కడున్నవాళ్ళతోనైనా ఆడవచ్చని దుర్గ చెప్పిన రోజు వరహాలు నమ్మలేదు.

"అంటే ఇక్కడ నాను కొడితే కాకినాడలో పడతాదా?"

"పడుతుంది మావయ్యా."

"సొంత గోల్ కొట్టినా?"

"అది కూడా పడుతుంది."

కాకినాడ అని వరహాలు ఊరికే అనలేదు. ఉమామహేష్ చిన్నాన్న కొడుకు నరేష్ కాకినాడలో ఇలాంటి కొట్టే పెట్టాడు. వారం రోజులుగా ఫోన్లో ఒకటే ఎగతాళి.

"వదినా, మీ వైజాగోళ్ళకి బంతి అవుపడతాదా, కళ్ళద్దాలు పంపమంటావా? ఆదివారం సాయంత్రం వచ్చెయ్యండి లైన్లోకి. వరహాలు మావయ్యని తప్పకుండా ఆడించు, మాకు గోల్స్ కావాలి!"

నిషేధం ఇంకెంతో లేదు. తరవాత అందరూ సముద్రం మీదే. ఆడితే ఈ ఆదివారమే ఆడాలి. సెంటరు బయట ముగ్గుపిండితో "వైజాగ్ - కాకినాడ" అని నేల మీద పెద్దగా రాసేశారు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు సోడాలకి ఐసు ఇస్తామన్నారు. దుర్గకి కూడా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. రేకుల గదిలో కూర్చుని మరో ఊరి గదితో ఆడటం! ల్యాబులో ఆసిలోస్కోపు మీద మొదటిసారి ఆకుపచ్చ గీత అలలా లేచినప్పుడు కలిగిన సంబరం మళ్ళీ ఇన్నాళ్ళకి.

శుక్రవారం సాయంత్రం సీతారామాంజనేయులు చొక్కా తడిసిపోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా దుర్గా, నా కంప్యూటర్లన్నీ పోయాయి. ఎవడో పెన్‌డ్రైవ్ పెట్టాడు. ముందు ఒకటి ఆగింది, దాని పక్కది ఆగింది. నేను చూస్తుండగానే వరసంతా పోయింది. వైరస్!"

ఆట ఆగిపోయింది. అందరూ ఇటు తిరిగారు.

"మనిద్దరిదీ ఒకటే తీగ," అన్నాడు ఆయన గోడ కన్నం వైపు చూపించి. "ఆదివారం నువ్వు ఆ తీగ నీ పెట్టెలకి పెట్టావంటే, నీవీ ఇలాగే."

"టీవీ ఆటకి వైరస్ ఏటండీ ఆంజనేయులు గారూ," అన్నాడు ఉమామహేష్. "అది కంప్యూటరా ఏటి?"

అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. దుర్గ నవ్వలేదు. ఫ్యాను దుమ్ము తుడవడానికి ఆ మూడు పెట్టెల మూతలు ఎన్నోసార్లు తీసిన చెయ్యి ఆమెది. లోపల ఏముందో ఆమెకి తెలుసు. లెక్కలు కట్టే చిప్పు ఉంది, గుర్తుపెట్టుకునే చిప్పులు ఉన్నాయి, హార్డ్ డిస్కు ఉంది, తీగ పెట్టుకునే కన్నం ఉంది.

"కంప్యూటరే మావా," అంది మెల్లిగా. "పేరే గేమ్ పెట్టె."

మాట పూర్తికాకముందే లేచి, గోడ కన్నంలోంచి వచ్చే తీగని పీకి చుట్టచుట్టి గోడకి తగిలించింది. పక్కింట్లో పిల్లకి పొంగు సోకిందని తెలిస్తే తలుపు ఎలా వేస్తుందో, అలాగే.

ఆ రాత్రి ఆమె సరిగా తినలేదు. దువ్వాడ ఉద్యోగం వదిలి, అందరూ వద్దంటున్నా పెట్టిన సెంటరు. పిల్ల కంటికి కనపడుతూ, చదివిన చదువు చేతికి పనికొస్తూ ఉన్న ఒకే ఒక చోటు. పెట్టెలు పోతే అది పోతుంది. మళ్ళీ రైలే. అలాగని తీగ పెట్టకపోతే? ముగ్గుపిండితో రాసిన అక్షరాలు, నరేష్ గొంతు, ఆదివారం కోసం కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్న వరహాలు. అసలు వైరస్ పెట్టెకి వస్తుందా, రాదా? ఆ ప్రశ్నకి జవాబు తెలియకుండా వద్దనడం ఆమెకి భయంగా లేదు, సిగ్గుగా ఉంది.

శనివారం పొద్దున్న సెంటరు తెరవగానే వరహాలు ఒక డిస్కు తెచ్చాడు. "కొత్త జట్లంటమ్మా, కొత్త ఆటగాళ్ళంట. ఊరికే దొరికినాది. మొన్న ఆంజనేయులు గారి దగ్గర కూకుని ఎవడో కుర్రోడు నెట్‌లోంచి దింపి ఇచ్చినాడు." అవతల దుర్గ ఆశకి జడ వేస్తోంది. ఆమె "ఆగు మావయ్యా" అనేలోపే డిస్కు రెండో పెట్టెలోకి వెళ్ళిపోయింది.

తెర మీద రంగు రంగుల బొమ్మ ఒకటి వచ్చింది. తరవాత నల్లబడింది. వరహాలు ఆపి మళ్ళీ పెట్టాడు. పెట్టె మీద దీపం ఒకసారి మిణికి ఆరిపోయింది. మళ్ళీ, మళ్ళీ. ఇంక ఆ పెట్టె లేవలేదు.

"వచ్చీసింది!" అని ఎవరో అరిచారు. "గోడలోంచి వచ్చీసింది!"

"నాను సంపీసినాను," అని వరహాలు నేల మీద కూలబడ్డాడు. ఆ పెద్ద మనిషి కళ్ళల్లో నీళ్ళు. "దుర్గమ్మా, నాను సంపీసినాను."

దుర్గ కళ్ళు గోడ వైపు వెళ్ళాయి. తీగ నిన్న ఆమె చుట్టి తగిలించినట్టే, మేకుకి వేలాడుతోంది.

"గోడలోంచి రాలేదు," అంది. గొంతులో భయం ఉంది, కానీ దాని అడుగున ఇంకేదో కదులుతోంది. "తీగే లేదు కదా. డిస్కులోంచి వచ్చింది. అంటే ఇది పక్క గది వైరస్ కాదు. ఇది వేరే."

"ఏదైతే ఏటి, పోయినాది కదా!" అన్నాడు ఉమామహేష్.

"పోయిందే అనుకో మావా. ఎలా పోయిందో తెలియాలి కదా!"

ఆమె అల్మారాలోంచి మామూలు కాపీ డిస్కు ఒకటి తీసుకుంది. ఎన్నాళ్ళుగానో ఆడుతున్నది, ఏ హానీ లేనిది. దాన్ని మూడో పెట్టెలో పెట్టింది. ఆట వచ్చింది. డిస్కు తీసి, కొంగులో చుట్టి, ఇంటి వైపు పరిగెత్తినంత పని చేసింది. వెనకాల ఉమామహేష్, ఆ వెనకాల వరహాలు, ఆ వెనకాల సగం కళాసీలు.

ఇంట్లో టీవీ పక్క పసుపు మరకల పెట్టెలో అదే డిస్కు పెట్టింది. పెట్టె దాన్ని కాసేపు తిప్పింది. తరవాత తెర మీద ఒకే ఒక ముక్క: ఈ డిస్కు చెల్లదు.

"సూసినావా, ఇది కూడా పాడైపోయినాది!" అన్నాడు వరహాలు తల పట్టుకుని.

దుర్గ అరిచినంత గట్టిగా నవ్వింది. "పాడవలేదు మావయ్యా! ఇదొక్కటే బాగుంది!"

అసలు డిస్కు పెట్టింది. టక్కున ఆట వచ్చింది. మళ్ళీ కాపీ పెట్టింది. చెల్లదంది. మూడోసారి కూడా అదే చేసి చూసేదాకా ఆమెకి నమ్మకం చాలలేదు. ఆ తరవాత అరుగు మీద నిలబడి, దువ్వాడ ల్యాబులో పిల్లలకి చెప్పినట్టు మొదలుపెట్టింది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి.

"మన హార్బరు గేటు ఉంది కదా, ఎవరొచ్చినా అడగరు. కంప్యూటర్ అలాంటిది. ఏ ప్రోగ్రామ్ వచ్చినా, రా లోపలికి అంటుంది. అందుకే ఆంజనేయులు గారి వరసంతా పోయింది. అదే పోర్టు గేటు?"

"పాస్ లేపోతే ఈడ్చి పారేత్తారు," అన్నాడు ఒక కళాసీ, అనుభవం ఉన్నవాడిలా.

"గేమ్ పెట్టె పోర్టు గేటు. లోపలికొచ్చే ప్రతిదానికీ పెట్టె చేసిన కంపెనీ ముద్ర ఉందా అని చూస్తుంది. ముద్ర లేకపోతే నడవనివ్వదు. ఇప్పుడు నా కాపీ డిస్కుని తిప్పికొట్టింది చూడు, అదే. వైరస్‌కి ఆ ముద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మరి ఆ రెండోది ఎందుకు సచ్చిపోయినాది?"

దుర్గకి జవాబు తెలిసిపోయింది. ఫోను తీసి పూర్ణా మార్కెట్ రిపేరు కుర్రాడికి చేసింది. "తమ్ముడూ, నువ్వు మా పెట్టెల్లో పెట్టిన ఆ చిన్న చిప్పు ఏం చేస్తుంది?"

"ముద్ర చూడనివ్వదు కదక్కా. అది చూడటం మానేత్తేనే కాపీలు ఆడతాయి. మీకు తెల్దేటి?"

ఫోను పెట్టేసి దుర్గ మెట్టు మీద కూర్చుంది. "కాపీ డిస్కుల కోసం గేటు దగ్గర కాపలావాణ్ణి మనమే పంపించేశాం. కాపీ డిస్కులు వచ్చాయి, ఆడుకున్నాం. ఇవాళ ఆ తెరిచిన గేటులోంచే కొత్త జట్ల వేషం వేసుకుని ఇంకోటి వచ్చింది. అది వైరస్‌లా ఒకదాన్నుంచి ఒకదానికి పాకేది కూడా కాదు. మనమే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టాం."

"మనం కాదు, నాను," అన్నాడు వరహాలు.

"గేటు తెరిపించింది నేను మావయ్యా."

అప్పటిదాకా చేపల తట్ట కడుగుతూ ఒక చెవి ఇటే వేసి ఉన్న గంగాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే ఈ ఊళ్ళో ఇప్పనిది ఇదొక్కటేనేటి?"

"అవునత్తా. నువ్వు విప్పనివ్వనిది ఇదొక్కటే."

"ముద్రో గిద్రో నాకు తెల్దు. పసుపు పెట్టినాను, అంతే," అంది గంగాలమ్మ. కానీ ఆ మధ్యాహ్నం వీధిలో కనబడిన ప్రతివాళ్ళకీ పెట్టె సంగతి చెప్పింది.

దారి దొరికింది. ఆదివారం ఈ పెట్టెతోనే ఆడొచ్చు. ఆ మాట అనగానే కళాసీలు ఈలలు వేశారు. దుర్గకి మాత్రం ఈలల మధ్య ఆశ కనబడింది. పెట్టె పక్కన కూర్చుని, జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని, నాన్న తెచ్చిన తన వస్తువు చుట్టూ ఇంతమంది ఎందుకు చేరారో అర్థంకాక చూస్తోంది.

"ఎంత గట్టి గేటైనా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దూరొచ్చు," అంది దుర్గ భర్తతో, పక్కకి తీసుకెళ్ళి. "చాలా కష్టం. కానీ అసలు రాదు అని నేను రాసివ్వలేను మావా. పోతే దాని పెట్టె పోతుంది."

ఉమామహేష్ అరచేత్తో గాల్లో నిలువుగా ఒక గీత గీశాడు. ఇంజను మనిషి కదా, ఆలోచిస్తే చేతులు కదులుతాయి. "బోటులో ఐసు గది వేరు, ఇంజను గది వేరు. మధ్యలో చెక్క ఎందుకుంతాది? ఒకదాన్లోకి నీరొత్తే రెండోదాన్లోకి రాకుండా. అలగ సెయ్యలేవా?"

దుర్గ అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. "చెయ్యగలను!"

తరవాత పిల్ల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆశమ్మా, నీ పెట్టె రేపు నాన్నకి ఇస్తావా? ఒకవేళ పాడైతే..."

"నాన్నే ఆడతాడా?"

"నాన్నా, వరహాలు తాతా."

ఆశ వరహాలు బొటనవేళ్ళ వైపు అనుమానంగా చూసింది. "తాత మెల్లగా నొక్కాలి."

"మెల్లగానే నొక్కుతానమ్మా, పువ్వు పట్టుకున్నట్టు నొక్కుతాను!"

ఆదివారం సాయంత్రం గంగాలమ్మ పెట్టెని తానే తెస్తానంది. తట్టలో పెట్టి, నెత్తి మీద ఎత్తుకోబోతూ, అలవాటు కొద్దీ పైన తడి గోనె కప్పబోయింది.

"అత్తా! అది చేప కాదు!"

"ఎండకి వాడిపోదేటి మరి?" అని, నవ్వు ఆపుకుంటూ పొడి తువ్వాలు కప్పుకుంది. సందులో ఆవిడ నడుస్తుంటే వెనకాల డప్పు ఒక్కటే తక్కువ. పిల్లలు, కళాసీలు, ఐసు డబ్బాలు, అందరూ కూడా నడిచారు.

మొగుడు చెప్పిన బోటులోలాగే దుర్గ మధ్యలో చెక్కలు వేసింది. మార్పించినవాటిలో మిగిలిన రెండు పెట్టెలకి కరెంటే పీకేసింది. పక్క గదిలో కంప్యూటర్ల తీగలన్నీ సీతారామాంజనేయులు తన చేత్తోనే ఊడదీశాడు. "మీ ఆటయ్యేదాకా నా కొట్టు శ్మశానమేనమ్మా, కానియ్యి," అన్నాడు. గోడ కన్నంలోంచి వచ్చే తీగ ఇప్పుడు ఒక్క పెట్టె కోసమే. డిస్కు కూడా ఒక్కటే, ఓడలో వచ్చిన అసలుది.

అలలు తేడాగా ఉన్నప్పుడు బోట్లన్నీ ఒకేసారి హార్బరు మూతి దాటవు. ముందు ఒకటి వెళ్తుంది. మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తారు. ఆ గదిలో జనం సరిగ్గా అలాగే నిలబడ్డారు. దుర్గ తీగ కొస పట్టుకుని పెట్టె వెనక చెయ్యి పెట్టింది. తీగ టక్‌మని కూర్చుంది.

దీపం మిణికింది. ఆరింది. మళ్ళీ మిణికింది, ఆకుపచ్చగా నిలిచింది.

తెర మీద గుండ్రంగా తిరుగుతున్న బొమ్మ. తరవాత, టీవీలోంచి, గరగరమంటూ, "వదినా! ఇనబడతందా? బతికే ఉన్నారా, వైరస్ మింగీసిందా?"

గది పేలిపోయింది. రేకులు ఎగిరాయని తరవాత చెప్పుకున్నారు. "ఒరే నరేషూ!" అని గంగాలమ్మ, పెట్టెకి తగిలించిన మైకుని వదిలేసి, టీవీకి దగ్గరగా వెళ్ళి అరిచింది. "మీ అమ్మ బాగున్నాదా? నీకు బుద్ధొచ్చిందా?"

"రెండూ అలాగే ఉన్నాయి పెద్దమ్మా!"

ఆట మొదలైంది. ఉమామహేష్, వరహాలు ఇటు, నరేష్, అతని స్నేహితుడు అటు. ఆటలో ఏం జరిగిందో దుర్గకి ఈ రోజుకీ తెలియదు. అందరూ తెర చూస్తుంటే ఆమె పెట్టెనే చూసింది. ఫ్యాను చప్పుడు మారిందా? దీపం వణికిందా? చెయ్యి పెట్టి వేడి చూసింది, ఆశ నుదురు చూసినట్టు. మధ్యలో తెర ఒక్క క్షణం ఆగిపోతే ఆమె గుండె ఆగిపోయింది. అది లైను నెమ్మదించడం. అంతే. బొమ్మలు మళ్ళీ పరిగెత్తాయి. గోల్ అని ఒకసారి అరిచారు, అయ్యో అని రెండుసార్లు మూలిగారు. వరహాలు నిజంగానే పువ్వు పట్టుకున్నట్టు ఆడి, అటువాళ్ళ గోల్‌లోకే ఒకటి కొట్టి, నమ్మలేక జాయ్‌స్టిక్‌కి ముద్దు పెట్టాడు.

ఈలలు ఆగాయి. ఆట అయిపోయింది.

"ఓడిపోనాం," అన్నాడు ఉమామహేష్ నీరసంగా. "ఒక్క గోల్‌తో."

దుర్గ వినలేదు. తీగ పీకింది. పెట్టె ఆపింది. అసలు పరీక్ష ఇప్పుడే. రెండో పెట్టె కూడా ఆపాకే కదా లేవనిది. మనసులో ఏ దేవుడి పేరూ రాలేదు. కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఆట బొమ్మ వచ్చింది. ఆశ చప్పట్లు కొట్టింది.

"లేచింది!" దుర్గ ఎగిరి గంతేసింది. భర్తని, అత్తని, అందుబాటులో ఉన్న సీతారామాంజనేయుల్ని కూడా భుజాలు పట్టి ఊపేసింది. "లేచింది! ఏమీ కాలేదు!"

"ఓడిపోనామంటే ఇంత ఆనందమేటమ్మా," అని వరహాలు బిక్కమొహం వేశాడు.

"మళ్ళీ ఆడదాం మావయ్యా! వచ్చే నిషేధంలో మళ్ళీ! ఆ రెండు పెట్టెల్లో చిప్పులు ఊడదీయిస్తాను. డిస్కులు కొన్నే కొందాం, అసలువే కొందాం. చచ్చినదాన్ని విప్పి ఎక్కడ దెబ్బతిందో చూస్తాను, లేస్తుందేమో!"

చెబుతూనే ఉంది. ఆ గదిలో ఆమెని అలా ఎవరూ చూడలేదు. గంగాలమ్మ మాత్రం పెట్టె ముందు చతికిలబడి, చెమటకి కరిగిన పసుపుని కొంగుతో తుడిచింది. తిప్పి వెనక మరలు చూసింది.

"ఏటకి ఎల్లొచ్చినాది," అంది తృప్తిగా. "కాకినాడ దాకా ఎల్లొచ్చినాది. ఇంక నా అడ్డం లేదు. ఇప్పుకుంటే ఇప్పుకోండే."

"వద్దత్తా!" దుర్గ పెట్టె మీద రెండు చేతులూ వేసేసింది. "ఇంకొంచెం పసుపు ఉందా?"